పరీక్షనే పరీక్షించిన గురువర్యులు: శ్రీ గిడుగు రామమూర్తి పంతులుగారు

ధాన్యము పండు సీమలో పుట్టిన మనకు కొలత సంగతి వేరొకరు చెప్పనక్కరలేదు. కళ్లములో రాశి పోసినప్పుడు రైతు మొదట చూచునది కుంచమును. కుంచము సరియైనదైనచో కొలిచినవారెవరైనను పంట లెక్క తేలును. కుంచమే తప్పైనచో ఎంత శ్రద్ధగా కొలిచినను లెక్క తప్పును. పైగా తక్కువ పండినదని పొలమును నిందింతురు. పాఠశాలలో పిల్లవాని చదువును కొలుచు కుంచము పరీక్ష. వాడెంత నేర్చెనో, తన తరగతికి తగిన మట్టమును అందుకొనెనో లేదో తెలిసికొనుటకు పెద్దలు దానిని ఏర్పరచిరి. పిల్లవాడు తప్పినప్పుడు వాని తెలివిని శంకించినవారు వేలకొలది కలరు. ఆ కుంచము సరిగా ఉన్నదా యని శంకించినవారు మిక్కిలి అరుదు. అట్లు శంకించుటయే గాక, ముప్పదియేండ్లకు పైగా దానిని సరిచేయుటకై శ్రమించిన మహనీయులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వారు వ్యావహారిక భాషోద్యమ నాయకులని లోకమెరుగును. ఆ యుద్యమము ఒక పరీక్ష కాగితము చుట్టు రగిలినదన్న సంగతి మాత్రము మనలో అనేకులకు తెలియదు. మన గోదావరి మండలములు ఆ పోరాటమునకు ముఖ్యమైన రంగస్థలములగుటచే, ఈ రజతోత్సవ సంచికలో వారి జీవితమును స్మరించుకొనుట ఉచితము.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళము సీమలో, వంశధార ఒడ్డున, శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేట గ్రామమున జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి విజయనగర సంస్థానమున రెవిన్యూ ఉద్యోగము చేయుచు 1875లో గతించిరి. అప్పటికి రామమూర్తిగారికి పండ్రెండేండ్లు. ఇల్లు గడచుటయే కష్టమైన కాలమున వారు విజయనగరము చేరి, మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో చదువు సాగించిరి. తరువాతి కాలమున కన్యాశుల్క నాటకమును రచించి శాశ్వత కీర్తి నార్జించిన గురజాడ అప్పారావుగారు అక్కడ వారికి సహాధ్యాయి. బాల్యమున కుదిరిన ఆ స్నేహము ముప్పదియేండ్ల తరువాత ఒక మహోద్యమమునకు బలమైనది. 1879లో రామమూర్తిగారు మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణులైరి.

మరుసటి యేడు, అనగా 1880లో, గంజాము జిల్లాలోని పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా చేరిరి. చిన్న తరగతులకు చరిత్ర బోధించుట వారి పని. పగలు పిల్లలకు పాఠములు చెప్పుచు, రాత్రులు తాము చదువుకొనుచు, కళాశాల గడప త్రొక్కకయే 1886లో ఎఫ్.ఏ. పరీక్షయు, చరిత్ర ప్రధాన విషయముగా 1896లో బి.ఏ. పరీక్షయు ఇచ్చి నెగ్గిరి. రాజావారి పాఠశాల కళాశాలగా పెరిగినప్పుడు పంతులుగారు పై తరగతులకు పాఠములు చెప్పు స్థాయి నందుకొనిరి. ఒక చేత పరీక్షలు వ్రాయుచు, మరియొక చేత పరీక్షలు దిద్దుచు గడపిన జీవితమది. కావున పరీక్ష యన నేమో, అది దేనిని కొలువగలదో, దేనిని కొలువలేదో వారికి అనుభవపూర్వకముగా తెలియును.

నాటి పాఠశాలల స్థితిని కొంచెము తెలిసికొననిదే పంతులుగారి కృషి మనకు బోధపడదు. మన పల్లెలలోని వీధిబడులలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్ది, శతకములు, బాలరామాయణము, అమరము వల్లెవేసి, ఎక్కములు కంఠస్థము చేసెడివారు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మద్రాసు ప్రభుత్వమువారు ఫలితములనుబట్టి గ్రాంటు ఇచ్చు పద్ధతిని ప్రవేశపెట్టిరి. దాని ప్రకారము పరీక్షాధికారి బడికి వచ్చి, పిల్లలను తరగతివారీగా నిలువబెట్టి, చదువుటయందు, వ్రాయుటయందు, లెక్కలయందు ఒక్కొక్కరిని పరీక్షించును. ఆ తరగతికి నిర్ణయించిన మట్టమును అందుకొన్న పిల్లల లెక్కను బట్టి బడికి ధనము వచ్చును. చూచుటకు ఇది న్యాయముగనే యున్నది. కాని ఉపాధ్యాయుని జీవనము పిల్లల ఉత్తీర్ణతపై ఆధారపడుటచే, పరీక్షాధికారి అడుగబోవు పుటలను మాత్రమే పిల్లలచేత వల్లెవేయించుట పరిపాటియైనది. చెప్పినది తెలిసినదా యన్న ప్రశ్నకు చోటు లేకపోయెను. అర్థము తెలియకయే అప్పగించిన పిల్లవాడు నెగ్గును. అర్థము తెలిసియు తన మాటలలో చెప్పినవాడు తప్పును. కొలత పేర జరుగుచుండిన ఈ విపరీతము నాటి ప్రతి ఉపాధ్యాయుని కంటను పడినదే. దానినిగూర్చి తీవ్రముగా ఆలోచించినవారు మాత్రము కొలదిమంది.

పంతులుగారికి ఆ యాలోచన కలుగుటకు రెండు కారణములు తోడ్పడినవి. మొదటిది శాసనముల పరిచయము. పుట్టిన యూరికి దగ్గరనున్న ముఖలింగాలయమున రాతిపై చెక్కిన శాసనములను చదువవలెనను కోరికతో, గురువు సాయము లేకయే వారు ప్రాచీన లిపులను నేర్చుకొనిరి. శాసనములు చదివినకొలది ఒక సంగతి వారికి స్పష్టమాయెను. భాష పారుచున్న నీటివంటిది. వందల యేండ్లలో మాటల రూపములు మారుచు వచ్చినవి. ఒక కాలపు కవుల భాషను గట్టుకట్టి నిలిపి, ఇదియే తెలుగు, ఇతరము తప్పు అనుట చరిత్రకు విరుద్ధమని వారు గ్రహించిరి.

రెండవది సవరల సహవాసము. పర్లాకిమిడి చుట్టును గల కొండలలో సవరలు నివసింతురు. వారి భాషకు నాడు లిపి లేదు, పుస్తకములు లేవు, బడులు లేవు. పంతులుగారు రెండు భాషలు తెలిసిన యొక వ్యక్తిని తమ యింటనే పెట్టుకొని సవరభాష నేర్చుకొనిరి. కొండలెక్కి గూడెములు తిరిగి మాటలు, కథలు, పాటలు సేకరించిరి. ఆ భాషలో వాచకములు వ్రాసి, సొంత ధనముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, సవర బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. ఈ కృషికి 1913లో ప్రభుత్వమువారు బిరుదమిచ్చి గౌరవించిరి. సవరభాషా విధానమును వివరించు వారి గ్రంథము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. ఆ కొండ తిరుగుళ్లలో మన్యపు జ్వరము సోకగా మితిమీరి సేవించిన క్వినైను వలన వారికి చెవుడు వచ్చెను. ఒక జాతి భాషను వినుటకై తమ వినికిడినే ధారపోసిన పండితులు వారు.

సవర బడులు పంతులుగారికి నేర్పిన పాఠమును మనము జాగ్రత్తగా గమనింపవలెను. సవర బిడ్డను తెనుగున ప్రశ్న అడిగిన, వాడు నోరు తెరువడు. చూచినవారు మందమతి యందురు. ఆ ప్రశ్ననే వాని భాషలో అడిగిన, అడవిలో చెట్టు చెట్టు పేరును, దాని గుణమును చెప్పగలడు. తప్పు వాని తెలివిలో లేదు. అడిగిన తీరులో ఉన్నది. ఇట్లు కొండ బిడ్డల విషయమున స్పష్టముగా కనబడిన సత్యమే, పల్లపు సీమలోని తెలుగు బిడ్డల విషయమునను మరుగుపడి యున్నదని పంతులుగారికి తోచెను. ఎట్లన, బడిలో తెలుగను పేర చెప్పుచుండిన భాష తెలుగు బిడ్డకును సగము పరాయిదే.

1907 ప్రాంతమున జె.ఏ. యేట్స్ అను ఆంగ్లేయుడు ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల ఇన్ స్పెక్టరుగా వచ్చెను. బడులు తనిఖీ చేయునప్పుడు అతనికి ఒక వింత కనబడెను. పిల్లలు ఇంటను, వీధిలోను, తుదకు ఉపాధ్యాయునితోను మాటలాడు తెలుగొకటి. పుస్తకములో నున్నది వేరొకటి. చిన్న తరగతిలో పిల్లి యనగా మార్జాలమని పండితుడు అర్థము చెప్పుచుండగా ఆ దొర విని ఆశ్చర్యపడెనని చెప్పుకొందురు. తెలిసిన మాటకు తెలియని మాటను అర్థముగా చెప్పుట ఏమి బోధన? అతడు ఈ సంగతిని విశాఖపట్టణమున మిసెస్ ఏ.వి.యన్. కళాశాల ప్రధానాధ్యాపకులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారితో ప్రస్తావించెను. వారు గురజాడ అప్పారావుగారిని, గిడుగు రామమూర్తిగారిని చూపిరి. ఈ నలువురి కలయికతో, మనము మాటలాడు శిష్టజన భాషలోనే పిల్లలు చదువవలెను, వ్రాయవలెను అను ఉద్యమము మొదలాయెను.

నాటి తెలుగు వ్యాసరచన పరీక్ష ఎట్టిదో నేటి పిల్లలకు ఊహకందదు. వెళ్ళాడు అని వ్రాసిన తప్పు. వెళ్ళెను, చనెను అని వ్రాయవలెను. చేస్తున్నాడు అన్న తప్పు, చేయుచున్నాడు అనవలెను. అరసున్న ఉండవలసిన చోట లేకున్న తప్పు, అక్కరలేని చోట పెట్టిన తప్పు. బండి ఱకారమునకు బదులు మామూలు రకారము వ్రాసిన తప్పు. చిన్నయసూరిగారి బాలవ్యాకరణ సూత్రములను అతిక్రమించి సంధి చేసినను, చేయకున్నను తప్పే. పల్లెటూరి సంతను గూర్చియో, గోదావరి వరదను గూర్చియో వ్యాసము వ్రాయుమన్నచో, విద్యార్థి తాను చూచినదానిని, తలచినదానిని చెప్పుటకు ముందు ప్రతి మాటకును ప్రాతరూపమేదో వెదకుకొనవలెను. మనస్సంతయు అరసున్నల మీదనే యుండ, భావమునకు అవకాశమెక్కడ? దిద్దువారు కూడ భావమును వదలి రూపములను లెక్కించెడివారు. పిల్లవానికి ఆలోచన కలదా, చూచినదానిని చక్కగా చెప్పగలడా యని తెలిసికొనుటకు పెట్టిన పరీక్ష, వానికి ఏడెనిమిది వందల యేండ్లనాటి రూపములు ఎంతవరకు కంఠస్థమైనవో తెలుపు పరీక్షగా మారెను. గింజలు కొలుచుటకు తెచ్చిన కుంచముతో ఊక కొలిచినట్లాయెను.

1911లో పంతులుగారు ముప్పదియేండ్ల కొలువు ముగించి విశ్రాంతి పొందిరి. ఇతరులకు విశ్రాంతియైన ఆ కాలము వారికి కార్యారంభ కాలమైనది. ఆ దినములలోనే మద్రాసు రాజధానియందు మెట్రిక్యులేషను స్థానమున స్కూలు ఫైనలు పద్ధతి వచ్చినది. పాత పరీక్ష యొక్క వారములో జీవితమును తేల్చివేయునది. క్రొత్త పద్ధతిలో బహిరంగ పరీక్ష మార్కులతోపాటు, బడిలో విద్యార్థి సాగించిన చదువు వివరములు కూడ యోగ్యతాపత్రమున ఎక్కును. కొలత విషయమున ప్రభుత్వము క్రొత్తగా ఆలోచించుచున్న సమయమది. 1912-13 నాటికి స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని విద్యార్థి తన యిష్టము వచ్చినట్లు వ్రాయవచ్చునని అధికారుల అనుమతి వెలువడెను. పంతులుగారును, వారి మిత్రులును కోరినది ఇంతమాత్రమే. గ్రాంథికమును వ్రాయువాని చేతినుండి కలమును లాగికొనవలెనని వారు కోరలేదు. వాడుక మాటలలో చక్కగా వ్రాసిన బాలునకు సున్న వేయవలదని కోరిరి.

ఆ అనుమతి వెలువడిన వెంటనే ఆంధ్రదేశమంతట పెద్ద కలకలము పుట్టెను. పండితులు సభలు చేసిరి. పత్రికలలో వాదములు చెలరేగెను. వ్యతిరేకపక్షమునకు నాయకులు మన కోనసీమలోని ముక్తేశ్వరమున జన్మించిన జయంతి రామయ్య పంతులుగారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించిన విద్యావంతులు వారు. పిఠాపురము మహారాజావారి పోషణతో సూర్యరాయాంధ్ర నిఘంటువు వెలయుటకు వారి కృషియే మూలము. అట్టివారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. వాడుకభాష జిల్లాకొకటి, కులమునకొకటి, ఇంటికొకటి; దేనిని సరియైనదిగా నెంచి మార్కులు వేయవలెను? గంజాము బాలుడొక తీరునను, నెల్లూరు బాలుడొక తీరునను, కడప బాలుడు మరొక తీరునను వ్రాసినచో పరీక్షకుడు ఏ త్రాసున తూచవలెను? కావ్యభాషకైనచో వ్యాకరణము కలదు, వేయేండ్ల ఒరవడి కలదు, అన్ని జిల్లాలకు అది సమానము. ఇది వారి ముఖ్యవాదము. కొలత అందరికి ఒక్కటిగా ఉండవలెనన్న వారి మాటలో న్యాయము లేకపోలేదు.

దీనికి రామమూర్తి పంతులుగారి సమాధానము రెండు విధములు. చదువుకొన్నవారు నలుగురు కూడిన చోట మాటలాడు భాషలో, జిల్లాల యాసలు తగ్గి, ఒక సామాన్యరూపము అప్పటికే ఏర్పడి యున్నదని వారు చూపిరి. దానికే శిష్టవ్యావహారికమని పేరు. కృష్ణా గోదావరి మండలముల విద్యావంతుల పలుకుబడి దానికి ప్రాతిపదికగా నిలిచినది. కావున ఒరవడి లేదన్నమాట నిజము కాదు. ఒరవడి జనుల నోటనే యున్నది. వ్యాకరణము వ్రాయువారి కొరకు ఎదురు చూచుచున్నది.

రెండవ సమాధానము మిక్కిలి చమత్కారమైనది. అది గురువు బుద్ధికి తగినది. ఏ కుంచముతో పిల్లలను కొలుచుచున్నారో, ఆ కుంచముతోనే పండితులను కొలిచి చూచెదమని వారు పూనుకొనిరి. గ్రాంథికమును సమర్థించు పండితుల రచనలను, పాఠ్యపుస్తకములను, వ్యాకరణవేత్తల సొంత వాక్యములను ముందు పెట్టుకొని, నీలిసిరాతో పిల్లల కాగితములు దిద్దినట్లు పంక్తి పంక్తిని దిద్దిరి. బాలవ్యాకరణము ప్రకారము తప్పులైన రూపములు వారి పుస్తకములలో కోకొల్లలుగా దొరకెను. ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము, గద్యచింతామణి, బాలకవి శరణ్యము అను గ్రంథములు ఈ శ్రమకు ఫలములు. జీవితమంతయు ఆ భాషకే అంకితము చేసిన మహాపండితులు కూడ తప్పు లేక వ్రాయజాలని భాషను, పదునైదు పదునారేండ్ల బాలుడు మూడు గంటలలో తప్పు లేక వ్రాయవలెనని కోరుట న్యాయమా? ఉపాధ్యాయుడే అందుకొనలేని మట్టమును విద్యార్థి అందుకొనలేదని శిక్షించుట ధర్మమా? ఈ ప్రశ్నకు ప్రతిపక్షమున సమాధానము దొరకుట కష్టమాయెను. పండితులను అవమానించుట పంతులుగారి ఉద్దేశము కాదు. పూర్వకవులను వారు భక్తితో చదివినవారు. తప్పులని పేర్కొనబడిన రూపములనేకములు నన్నయ తిక్కనాదుల కావ్యములలోనే యున్నవని, కావున దోషము కవులది కాక సూత్రములదని నిరూపించినవారు.

ఐనను ఆ కాలమున గెలుపు వారిది కాలేదు. మద్రాసు విశ్వవిద్యాలయమువారు తెలుగు వ్యాసరచన విషయమును విచారించుటకు ఉపసంఘమును నియమించిరి. అందు అధికసంఖ్యాకులు గ్రాంథికమునే సమర్థించిరి. సభ్యులైన గురజాడవారు 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రమును సమర్పించిరి. దానిని పెద్దలు చెవినిపెట్టలేదు. వ్యావహారికమునకు దొరకిన అనుమతి కొలదికాలమునకే తొలగిపోయెను. 1915 నవంబరు 30న గురజాడవారు పరమపదించిరి. బాల్యమిత్రుడు పోయెను, పరీక్షాద్వారము మూతపడెను, వినికిడియు తగ్గిపోయెను. ఏబదియేండ్లు దాటిన మనుష్యుడు ఇక చాలునని యింట కూర్చుండినను తప్పుపట్టువారు లేరు. పంతులుగారు అట్లు కూర్చుండలేదు. సభలో ప్రవేశము లేనిచోట వీధిలో నిలిచియైనను వాదింతునను పట్టుదలతో ఊరూర తిరిగిరి. పుస్తకముల మూటలు వెంట కొనిపోయి, అడిగిన ప్రతి ప్రయోగమునకు గ్రంథమును, పుటను చూపెడివారు.

అప్పుడు వారికి అండగా నిలిచినది మన రాజమహేంద్రవరము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు నాటి ఆంధ్రదేశమున గద్యరచనకు గురువులు. వారు స్వయముగా తెలుగు పండితులై బడులలో పాఠములు చెప్పినవారు; మొదట గ్రాంథికమున వ్రాసి, క్రమముగా సులభశైలికి వచ్చినవారు. 1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడెను. వీరేశలింగముగారు అధ్యక్షులు, రామమూర్తిగారు కార్యదర్శి. డెబ్బదియేండ్లు నిండిన ఆ వృద్ధ సంస్కర్త తుదిదశలో ఈ పక్షమున నిలుచుట ఉద్యమమునకు గొప్ప గౌరవము తెచ్చినది. మూడు నెలలు తిరుగకయే, మే 27న, వీరేశలింగముగారు స్వర్గస్థులైరి. ఆ యేడే రామమూర్తిగారు తెలుగు అను పేర మాసపత్రికను స్థాపించి, తమ వాదమును ఉపాధ్యాయులకు, విద్యార్థులకు అందజేసిరి.

కాలము మెల్లమెల్లగా తిరిగెను. 1924లో కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తువారు వ్యావహారిక భాషపై నున్న నిషేధమును ఎత్తివేసిరి. 1925లో మన తణుకున జరిగిన పరిషత్సభలో పంతులుగారు నాలుగు గంటలసేపు ఉపన్యసించి, పూర్వగ్రంథములలోని ప్రయోగములను, లాక్షణికులు వానిని సరిగా గ్రహింపకపోవుటను సోదాహరణముగా వివరించిరి. ఇతరులు చెప్పునది తమకు వినబడకపోయినను, తాము చెప్పినది సభవారందరికి వినబడెను, అంగీకారమును లభించెను. పదునాలుగేండ్ల క్రిందట ఏ పరిషత్తు ఈ వాదమును ప్రతిఘటించుటకు పూనుకొనెనో, ఆ పరిషత్తు వేదికపైననే ఈ జయము కలిగెను. పోట్లాటలేక, దూషణ లేక, గ్రంథములు విప్పి చూపి గెలిచిన గెలుపది.

1933లో పంతులుగారి సప్తతి మహోత్సవమును రాజమహేంద్రవరమున అతివైభవముగా జరిపిరి. శిష్యులు, మిత్రులు పరిశోధన వ్యాసముల సంపుటమును వారికి సమర్పించిరి. ప్రభుత్వమువారు కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చిరి. 1936 ఏప్రిల్ 1న ఒడిషా రాష్ట్రము ప్రత్యేకముగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందు చేరెను. తెలుగువారి ప్రాంతము తెలుగుదేశమునుండి వేరగుటను ఎదిరించి విఫలులైన పంతులుగారు, 56 ఏండ్లు నివసించిన యూరిని విడిచి రాజమహేంద్రవరమునకు వచ్చిరి. తమ భాషను గౌరవించిన గోదావరీ తీరమే వృద్ధాప్యమున వారికి ఆశ్రయమైనది. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. వారి కుమారులు గిడుగు వేంకట సీతాపతిగారు తండ్రి యడుగుజాడలలో భాషాసేవ సాగించి, బాలసాహిత్యమునకు కూడ పాటుపడిరి.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర పత్రికా కార్యాలయమున సంపాదకులను ఉద్దేశించి పంతులుగారు తుది విన్నపము చేసిరి. విద్య కొందరి సొత్తుగా నుండిన కాలము పోయి, అందరికి అందవలసిన కాలము వచ్చినదనియు, అందరికి తెలియు భాషలో వ్రాయుటయే దానికి మార్గమనియు దాని సారాంశము. వారము దినములకు, జనవరి 22న, వారు తనువు చాలించిరి. అప్పటికి స్కూలు ఫైనలు పరీక్షలో వాడుకభాష నిలదొక్కుకొనలేదు. నాటిన చెట్టు పండుటను చూడకయే తోటమాలి వెడలిపోయెను.

తరువాతి చరిత్ర మనమెరిగినదే. పత్రికలు, కథలు, నవలలు వాడుకభాషను స్వీకరించినవి. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాల విద్యార్థులకు ఆధునిక భాషలో శాస్త్రగ్రంథములను వెలువరించినది. పాఠ్యపుస్తకములును క్రమముగా మారినవి. నేడు పదవ తరగతి పరీక్షలో ఏ బిడ్డయు వెళ్ళాడు అని వ్రాసినందుకు మార్కు పోగొట్టుకొనదు. పంతులుగారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. వారు తొలిసారి వాచకములు వ్రాసిన సవరభాషయు మరల బడి కెక్కినది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవరతో కూడ ఎనిమిది భాషలలో గిరిజన బిడ్డలకు మొదటి తరగతులు చెప్పించు కార్యక్రమమును ఆరంభించెను. 2005 నుండి అసర్ అను పేర దేశమంతట పల్లెలలో జరుగుచున్న సర్వేలో కార్యకర్తలు ఇండ్లకు వచ్చి, పిల్లలచేత అక్షరములు, పదములు, చిన్న పేరా, రెండవ తరగతి స్థాయి చిన్న కథ చదివించి చూతురు. బిడ్డ ఏ మెట్టుమీద నున్నదో దానివలన తేలును. పై తరగతికి పోయినను క్రింది తరగతి కథ చదువలేని పిల్లలు అనేకులున్నారని ఆ సర్వేలు తెలుపుచున్నవి. అది విచారకరమే. కాని తెలిసిన మాటలతో కొలిచిన కొలత గనుక, ఆ లోటు నిజమైన లోటని నమ్మి దానిని పూడ్చుటకు పూనుకొనవచ్చును. కుంచము సరియైనదైనప్పుడే కొరత యెంతయో తెలియును.

ఈ వ్యాసము ప్రాత ఒరవడిలో సాగుట చూచి పాఠకులు నవ్వుకొందురేమో. పంతులుగారు దీనికి అడ్డు చెప్పియుండెడివారు కారు. ఇందలి తప్పులు మాత్రము ఏరి చూపి యుండెడివారు. వారు కోరినది ఒక శైలికి బదులు మరియొక శైలి పెత్తనము కాదు. కొలువబడువానికి న్యాయము.

ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయమునకు వచ్చుచున్నవారిలో పరీక్షలు నెగ్గినవారు కలరు, తప్పినవారు కలరు, బడి మొగమెరుగక ఇక్కడనే చదువు నేర్చినవారును కలరు. ఇచ్చట ఎవరికిని మార్కులు లేవు. ఐనను బీరువా తెరచి తమకు కావలసిన పుస్తకమును తీసికొని, అర్థము చేసికొని, ప్రక్కవానికి చెప్పగలుగుటకంటె చదువునకు మంచి కొలత ఏమున్నది? మన యింట పిల్లవాడు మార్కుల పత్రము తెచ్చి చేతిలో పెట్టినప్పుడు, వాడెంత తెచ్చెనని చూచుటతోపాటు, ఆ ప్రశ్నలు దేనిని కొలిచినవని కూడ ఒక్కసారి చూతము. పర్లాకిమిడి బడిపంతులుగారు మనకు నేర్పిన పాఠమిదియే.